స్పెయిన్‌లో మొదటి నెల ఎక్కడ ఉండాలి: కుటుంబం ఇల్లు, హాస్టల్, అద్దె గదుల పోలిక

స్పెయిన్‌లో సీటు వచ్చిన విద్యార్థి ముందు మూడు దారులుంటాయి. ఒక స్పానిష్ కుటుంబం ఇంట్లో గది తీసుకుని వాళ్లతో కలిసి తినడం ఒకటి. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే హాస్టల్లో చేరడం రెండోది. నలుగురైదుగురు కలిసి ఉండే ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకోవడం మూడోది. నా సలహా ముందే చెప్పేస్తాను. మీ చదువుకు స్పానిష్ అవసరమైతే మొదటి నాలుగు వారాలు కుటుంబంతో ఉండండి. ఆ నాలుగు వారాల్లో ఊరంతా తిరిగి, కళ్లారా చూసి, అద్దె గది ఎంచుకోండి. ఏడాది పొడవునా కుటుంబంతోనే ఉండమని నేను చెప్పను. విమానం దిగిన రోజే అద్దె గదిలోకి వెళ్లమని అంతకన్నా చెప్పను.

ఈ సలహా అందరికీ ఒకేలా వర్తించదు. చదువు పూర్తిగా ఇంగ్లిషులో సాగే మాస్టర్స్ విద్యార్థికి, లెక్కపెట్టిన డబ్బుతో బయలుదేరినవారికి, మాంసం ముట్టని గిన్నెలో వండితే తప్ప తినలేనివారికి వేరే దారి మేలు కావచ్చు. వాళ్ల సంగతి కూడా దారిలో చెబుతాను.

కుటుంబాన్నే ముందు పెట్టడానికి కారణం భాష. హైదరాబాద్‌లోని ఇఫ్లూ అనే విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనో మరోచోటో రెండేళ్లు స్పానిష్ చదివి, పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుని వెళ్లినవారు కూడా మొదటి వారం తడబడతారు. క్రియారూపాలన్నీ నోటికి వచ్చి ఉంటాయి, కానీ ఎదుటివారు మామూలు వేగంతో మాట్లాడితే చెవి అందుకోదు. వేడినీళ్లు రావడం లేదని చెప్పడం, ఇంకొంచెం అన్నం అడగడం, రేపు ఆలస్యంగా వస్తానని ముందే తెలపడం తరగతి గదిలో అలవాటయ్యే పనులు కావు. రోజూ ఒకే మనిషితో, ఒకే వంటగదిలో, అవే మాటలు మళ్లీ మళ్లీ విన్నప్పుడే చెవి తెరుచుకుంటుంది.

ఆ ఇళ్లలో ఎవరుంటారు

విద్యార్థులను ఇంట్లో పెట్టుకోవడం స్పెయిన్‌లోని విశ్వవిద్యాలయ పట్టణాల్లో బాగా స్థిరపడిన పద్ధతి. 1218లో మొదలైన విశ్వవిద్యాలయం ఉన్న సలమాంకాలో, దక్షిణాన గ్రనాదా, సెవిల్ నగరాల్లో భాషా పాఠశాలలు, విశ్వవిద్యాలయాల విదేశీ విద్యార్థుల కార్యాలయాలు ఇలాంటి ఇళ్ల జాబితాలు పెట్టుకుంటాయి. మీరు నేరుగా ఇంటివారితో బేరమాడే అవసరం ఉండదు. డబ్బు పాఠశాలకు కడితే, వాళ్లే ఇల్లు కేటాయిస్తారు. ఒంటరి గది, రెండు పూటల భోజనంతో వారానికి సుమారుగా 200 నుంచి 300 యూరోల మధ్య అడుగుతుంటారు. మాడ్రిడ్, బార్సిలోనా ఎప్పుడూ పైచివర ఉంటాయి, సలమాంకా, గ్రనాదా కిందిచివర.

ఎక్కువ ఇళ్లలో కనిపించేది యాభై, అరవై దాటిన గృహిణి. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, గదులు ఖాళీగా ఉన్నాయి, పింఛనుకు తోడు కొంత ఆదాయం కావాలి. ఈ డబ్బు సంగతి మనసులో స్పష్టంగా ఉంచుకోవడం మంచిది. ఆమె మిమ్మల్ని ఉచితంగా ఆదరించడం లేదు కాబట్టి, గదిలో హీటర్ పనిచేయకపోతే అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అలాగని అది హోటలూ కాదు, తిన్న పళ్లెం సింకు దాకా తీసుకెళ్లకపోతే ఆమె మనసు నొచ్చుకుంటుంది.

ఎవరి ఇల్లు ఎంచుకోవాలన్నది నిజమైన ప్రశ్న. దరఖాస్తు ఫారంలో మీ ఇష్టం అడుగుతారు, చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. వదలకండి. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇల్లయితే నిశ్శబ్దం ఉంటుంది, ఆమె పగలంతా ఇంట్లోనే ఉంటుంది, మాట్లాడే తీరిక ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికీ రాత్రి తొమ్మిదింటికీ ప్రభుత్వ టీవీ వార్తలు వస్తాయి. ఆమె పక్కన కూర్చుని రోజూ వార్తలు చూస్తే, వాటిపై ఆమె చేసే వ్యాఖ్యానమే మీకు ఇంకో తరగతి. చిన్న పిల్లలున్న ఇల్లయితే కథ వేరు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ ఉండరు, ఆ తర్వాత ఒకటే సందడి. కానీ ఏడేళ్ల పిల్లవాడు మీ తప్పును ఏ మొహమాటమూ లేకుండా దిద్దుతాడు, అదే మాట పదిసార్లు చెప్పినా విసుక్కోడు. వచ్చీరాని భాషతో వెళ్లేవారికి పెద్దావిడ ఇల్లు, కొంత మాట్లాడగలిగినవారికి పిల్లలున్న ఇల్లు నయమని నా అభిప్రాయం.

ఇంకో విషయం తప్పకుండా అడగండి: ఆ ఇంట్లో వేరే విద్యార్థి కూడా ఉంటారా, ఉంటే ఏ భాష మాట్లాడతారు? చాలా ఇళ్లలో ఇద్దరు ముగ్గురు విద్యార్థులుంటారు. రెండో విద్యార్థి ఇంగ్లిషు మాట్లాడేవారైతే వారం తిరగకముందే భోజనాల బల్ల దగ్గర ఇంగ్లిషు మొదలవుతుంది, మీరు డబ్బు కట్టిన ప్రయోజనం సగం పోతుంది. జపాన్ విద్యార్థో ఇటలీ విద్యార్థో అయితే మీ ఇద్దరికీ స్పానిషే దిక్కు.

భోజనం: అందరూ ముందు అడిగేది, చివర అర్థమయ్యేది

మూడు రకాల ఏర్పాట్లుంటాయి. మూడు పూటలా భోజనం పెట్టడం, ఉదయం ఫలహారంతో పాటు ఒక పూట భోజనం, లేదా భోజనం లేకుండా వంటగది వాడుకునే హక్కు. నేను రెండోదానికే ఓటేస్తాను. మూడు పూటలూ కట్టేస్తే తరగతి మిత్రులతో బయట తినే ప్రతిసారీ డబ్బు వృథా అయినట్టుంటుంది. వంటగది హక్కు మాత్రమే తీసుకుంటే బల్ల దగ్గర కబుర్లు పోతాయి, అప్పుడది మామూలు అద్దె గదే. అయితే ఆ ఒక్క పూట మధ్యాహ్నమా, రాత్రా అని అడిగి తెలుసుకోండి. స్పెయిన్‌లో అసలైన భోజనం మధ్యాహ్నానిదే, రాత్రిది తేలిక. ఇంట్లో పదవీ విరమణ చేసినవారుంటే మధ్యాహ్నం ఎంచుకోండి, అప్పుడే వాళ్లు తీరిగ్గా కూర్చుంటారు, తిన్నాక గంటసేపు కబుర్లు చెబుతారు. ఉద్యోగాలు చేసే ఇల్లయితే రాత్రి ఎంచుకోండి, అందరూ కలిసేది అప్పుడే.

వేళలు మన కడుపుకు మొదటి వారం పరీక్షే. పొద్దున్న ఇడ్లీ, దోసె స్థాయి ఫలహారం ఆశించకండి. పాలు కలిపిన కాఫీ, రెండు బిస్కెట్లు, లేదా కాల్చిన రొట్టె మీద ఆలివ్ నూనె, తురిమిన టమాటా, అంతే. మధ్యాహ్న భోజనం రెండింటికి ముందు ఉండదు, మూడు కూడా కావచ్చు. రాత్రి భోజనం తొమ్మిది, తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. దీనికి గడియారమూ ఒక కారణం. మాడ్రిడ్ గ్రీనిచ్ రేఖకు పడమరన ఉన్నా, 1940లో దేశం మధ్య ఐరోపా సమయానికి మారి ఇప్పటికీ దానిమీదే నడుస్తోంది. అందుకే జూన్ చివర మాడ్రిడ్‌లో సూర్యుడు అస్తమించేసరికి దాదాపు పావు తక్కువ పది అవుతుంది. పదకొండు గంటల వేళ చిన్న రొట్టె ముక్కో అరటిపండో తినడం, సాయంత్రం ఆరింటికి మళ్లీ ఏదైనా కొరకడం అక్కడివాళ్లకూ అలవాటే. సంచిలో ఏదో ఒకటి ఉంచుకోండి. ఆకలితో తరగతిలో కూర్చుంటే ఒక్క ముక్క బుర్రకెక్కదు.

ఇక శాకాహారుల సంగతి. ఫారంలో శాకాహారిని అని రాసి ఊరుకుంటే చాలదు. కొన్ని ఇళ్లలో ఆ మాటకు అర్థం పెద్ద మాంసపు ముక్క వద్దని మాత్రమే. సలాడ్‌లో ట్యూనా చేప ఉంటుంది, పప్పులో చోరీసో అనే పంది మాంసపు సాసేజ్ ముక్కలుంటాయి, చిక్కుళ్ల కూరలో హమోన్ అనే ఆరబెట్టిన పంది తొడ మాంసం తరుగు ఉంటుంది, సూపు ఎముకలతో కాచిన రసంతో చేస్తారు. క్రిస్మస్‌కు ఇచ్చే మిఠాయిల్లో పంది కొవ్వు ఉంటుంది. వాళ్లు మోసం చేయాలని కాదు. ఆ వంటకాల్లో అవి మన పోపు దినుసుల స్థానంలో ఉంటాయి, వేశామన్న స్పృహే ఉండదు. కాబట్టి ఏమి తినరో ఒక్కొక్కటిగా చెప్పాలి. మాంసం, చేప, హమోన్, మాంసపు రసం తినను అని పాఠశాల ద్వారా ముందే రాయించండి, వెళ్లిన రోజున మీరూ నోటితో చెప్పండి. పంది మాంసం తినని ముస్లిం విద్యార్థులు, గొడ్డు మాంసం తినని హిందూ విద్యార్థులు కూడా ఇలాగే విడమరిచి చెప్పాలి.

చెప్పిన తర్వాత తినడానికి చాలానే ఉంది. ఉల్లి, మిరప, సొరజాతి కాయ, టమాటాలు మగ్గబెట్టి చేసే పిస్తో మన ఇగురుకు దగ్గరగా ఉంటుంది. సెవిల్‌లో పాలకూర, శనగలు కలిపి వండే కూరలో జీలకర్ర, వెల్లుల్లి వాసన తగిలినప్పుడు ప్రాణం లేచివస్తుంది. గస్పాచో చల్లని టమాటా పులుసు, ఎండాకాలం అంతా తాగుతారు. కోర్దోబాలో చేసే సల్మొరేహో అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త, దానిపైన హమోన్, కోడిగుడ్డు చల్లుతారు. చెరకు పాకం వేసిన వంకాయ వేపుడు, గలీసియా ప్రాంతపు పద్రోన్ పచ్చిమిర్చి వేపుడు, చోరీసో లేకుండా వండిన పప్పు, గట్టి పెరుగు ఉండనే ఉన్నాయి. గుడ్డు తినేవారికి బంగాళదుంప అట్టు తోర్తియా ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. గుడ్డు కూడా తినని వారికి, వెల్లుల్లి ముట్టని వారికి, వంట గిన్నె వేరుగా ఉండాలనుకునే వారికి కుటుంబం ఇల్లు ఇబ్బందే. ఆ ఇంటావిడకు కూడా ఇబ్బందే. అలాంటివారు భోజనం లేకుండా గది, వంటగది హక్కు తీసుకోండి, లేదా నేరుగా అద్దె ఫ్లాటుకు వెళ్లండి. నియమాన్ని వదులుకొమ్మని నేను ఎవరికీ చెప్పను.

నెయ్యి డబ్బా, పాలకోవా సామానులో పెట్టకండి. ఐరోపా సమాఖ్య బయటి దేశాలనుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని నిషేధించింది. ఇంటివారికి కానుక ఇవ్వాలనిపిస్తే కొండపల్లి బొమ్మ, పోచంపల్లి నేత కండువా చక్కగా ఉంటాయి. కుక్కరు కూడా మోసుకెళ్లనక్కర్లేదు. శనగలు, పప్పులు వండే స్పానిష్ ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ మామూలు వస్తువే. వంటగదిలో పోపు పెట్టాలనుకుంటే మాత్రం ముందు అడగండి, ఎండుమిర్చి ఘాటుకు అలవాటు లేని ఇంట్లో అందరూ దగ్గడం మొదలుపెడతారు.

ఇంటి పద్ధతులు

ఆ ఇళ్లలో గొడవలు పెద్ద విషయాలమీద రావు. వేడినీళ్ల దగ్గర, దీపాల దగ్గర, బట్టల దగ్గర వస్తాయి. పాత ఇళ్లలో గీజరు నారింజరంగు గ్యాస్ సిలిండరుతో నడుస్తుంది. అందులో పన్నెండున్నర కిలోల గ్యాస్ ఉంటుంది, మన ఇంటి సిలిండరుకన్నా కొంచెం చిన్నది. ఇంకొన్ని ఇళ్లలో విద్యుత్ ట్యాంకు ఉంటుంది, మీరు ఇరవై నిమిషాలు స్నానం చేస్తే తర్వాతివారికి చన్నీళ్లే. స్నానం ఐదారు నిమిషాల్లో ముగించండి, సబ్బు రాసుకునేటప్పుడు కొళాయి కట్టేయండి.

విద్యుత్తు లెక్క ఇంకా సూక్ష్మం. 2021 జూన్ నుంచి ఇళ్ల నియంత్రిత టారిఫ్‌ను మూడు వేళలుగా విడదీశారు. పనిరోజుల్లో ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు ధర ఎక్కువ. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది వరకు, శని ఆదివారాల్లో పూర్తిగా తక్కువ. ఇంటావిడ ఆదివారం ఉదయమే వాషింగ్ మెషీన్ వేస్తే దాని వెనక ఈ లెక్క ఉండవచ్చు. బట్టలు వారానికోసారి ఉతకడం మామూలు, ఆరబెట్టే యంత్రాలు అరుదు, బాల్కనీలోనో వెనక వసారాలోనో తీగలమీద వేస్తారు. వారానికి సరిపడా బట్టలు, లోదుస్తులు తీసుకెళ్లండి.

పాదాల సంగతి మనవాళ్లను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వట్టికాళ్లతో తిరగడం మర్యాద. స్పానిష్ ఇంట్లో వట్టికాళ్లతో నడిస్తే, జలుబు చేస్తుందనో అసహ్యంగా ఉందనో పెద్దావిడ కంగారుపడుతుంది. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు ఒక జత కొనుక్కోండి. శీతాకాలంలో రాతి గచ్చు మంచులా ఉంటుంది కాబట్టి మీకూ సుఖమే.

పిలుపులు కూడా కొత్తగానే ఉంటాయి. అరవై ఏళ్ల ఆమెను పేరుపెట్టి పిలవడం మన నోటికి రాదు. అక్కడ ఆమే తన పేరుతో పిలవమంటుంది, మొదటి రెండు రోజులు గౌరవవాచకం వాడినా తర్వాత వద్దంటుంది. ఆమె మిమ్మల్ని బిడ్డా అన్నట్టు పిలవవచ్చు. మొదటిసారి కలిసినప్పుడు రెండు చెంపలకు చెంప ఆనించి పలకరించడం మామూలు, మగవాళ్లిద్దరైతే కరచాలనం. ఇష్టం లేకపోతే ముందుగా చెయ్యి చాపండి, ఎవరూ తప్పుపట్టరు. భోజనాల దగ్గర నలుగురూ ఒక్కసారే గొంతెత్తి మాట్లాడితే అది పోట్లాట కాదు. ప్రతి గ్లాసు నీళ్లకూ కృతజ్ఞతలు చెప్పుకోరు, ఈ ఒక్క విషయంలో మనకు వెళ్లిన రోజే సొంతిల్లులా అనిపిస్తుంది.

రాత్రి ఆలస్యంగా రావడం చాలా ఇళ్లలో సమస్య కాదు, తాళంచెవి ఇచ్చేస్తారు. భోజనానికి రావడం లేదని చెప్పకపోవడమే సమస్య. ఆమె వండి, బల్ల సర్ది ఎదురుచూస్తుంది. ముందే ఒక సందేశం పంపండి. స్నేహితులను రాత్రికి ఇంట్లో ఉంచుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు.

ఇంటికి ఫోను చేసే వేళ కూడా ఆలోచించుకోండి. చలికాలంలో మన దేశం నాలుగున్నర గంటలు ముందుంటుంది, వేసవి గడియారంలో మూడున్నర. స్పెయిన్‌లో రాత్రి భోజనమై గదిలోకి వచ్చేసరికి విజయవాడలో అమ్మానాన్నలకు తెల్లవారుజామున రెండో మూడో అవుతుంది. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య ఫోను చేయడం ఇద్దరికీ కుదురుతుంది. భోజనాల బల్ల దగ్గర మాత్రం ఫోను తీయకండి.

హాస్టల్ ఎవరికి మేలు

విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండే హాస్టళ్లను స్పెయిన్‌లో కొలేహియో మయోర్ అంటారు. మాడ్రిడ్‌లో విశ్వవిద్యాలయ ప్రాంతం చుట్టూ ఇవి చాలా ఉన్నాయి. భోజనం, శుభ్రం చేయడం అన్నీ వాళ్లే చూస్తారు, ఉపన్యాసాలు, ఆటలు, నాటకాలు ఉంటాయి, పద్దెనిమిది, ఇరవై ఏళ్ల స్పానిష్ విద్యార్థులతో కలిసిపోవచ్చు. 1910లో మాడ్రిడ్‌లో మొదలైన రెసిదెన్సియా దె ఎస్తుదియాంతెస్ అనే విద్యార్థి నివాసంలోనే కవి లోర్కా, చిత్రకారుడు దాలీ, దర్శకుడు బున్యుయెల్ ఒకే కప్పు కింద యౌవనం గడిపారు. ఆ సంప్రదాయపు గాలి ఈ హాస్టళ్లలో ఇంకా కొంత వీస్తుందనే నేను నమ్ముతాను.

డిగ్రీ చదివే పిల్లలకు, ఏడాది మొత్తం ఉండబోయేవారికి, తల్లిదండ్రులకు భోజనం, భద్రత దిగులు లేకుండా ఉండాలనుకునేవారికి ఇది మంచి ఏర్పాటు. కానీ దరఖాస్తులు వసంతకాలంలోనే మొదలవుతాయి, ఏడాది మొత్తానికి ఒప్పుకోవాలి, ఖర్చు అద్దె గదికన్నా బాగా ఎక్కువ, క్రిస్మస్ సెలవుల్లో, ఆగస్టులో చాలావరకు మూసేస్తారు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లలేని మన విద్యార్థి ఆ రెండు వారాలు ఎక్కడ ఉంటాడో ముందే అడగాలి. ఇరవై ఐదేళ్ల మాస్టర్స్ విద్యార్థికి ఆ వాతావరణం చిన్నపిల్లల మధ్య ఇరుక్కున్నట్టు అనిపించవచ్చు.

అద్దె గది: చవక, స్వేచ్ఛ, తొందరపడితే నష్టం

డబ్బు లెక్కలో చివరికి గెలిచేది ఇదే. చదువు వీసాకు స్పెయిన్ కోరే నెలవారీ ఆర్థిక స్తోమత ఇప్రెం అనే ప్రభుత్వ ఆదాయ సూచికతో ముడిపడి ఉంటుంది, 2023 నుంచి అది నెలకు 600 యూరోలు. వీసాకు అది చాలవచ్చు గానీ మాడ్రిడ్, బార్సిలోనాల్లో గది అద్దె కట్టి, అందులోనే తిని, తిరగడం చాలా కష్టం. నెల మొత్తం కుటుంబంతో ఉంటే వారం లెక్కన ఆ డబ్బు ఒక్క బసకే దాటిపోతుంది. అందుకే నాలుగు వారాలు దాటి ఉండమని నేను చెప్పడం లేదు. గ్రనాదా, సలమాంకా లాంటి చోట్ల గది అద్దెలు చాలా నయం.

ఇండియాలో కూర్చుని ఫొటోలు చూసి గదికి డబ్బు పంపకండి. యజమాని విదేశంలో ఉన్నానని, తాళంచెవి పోస్టులో పంపుతానని, ముందు రెండు నెలల డబ్బు వేయమని అడిగితే ఆ సంభాషణ అక్కడే ఆపేయండి. చూడని గదికి బయానా ఇవ్వకూడదన్న నియమం పాటించాలంటే స్పెయిన్ వెళ్లాక కొన్నాళ్లు తలదాచుకునే చోటు ఉండాలి. కుటుంబం ఇంటికి ఉన్న రెండో ప్రయోజనం ఇదే. సెప్టెంబరులో గదులకు పోటీ తీవ్రంగా ఉంటుంది, పొద్దున్న పెట్టిన ప్రకటన సాయంత్రానికి తీసేస్తారు, అయినా తొందరపడి సంతకం పెట్టకండి. 1994 నాటి అద్దె చట్టం ప్రకారం నివాసానికి ఇచ్చే ఇంటికి తప్పనిసరి డిపాజిట్ ఒక నెల అద్దె, కొద్ది నెలల కోసం చేసుకునే తాత్కాలిక ఒప్పందాలకు రెండు నెలలు. మీరు సంతకం పెట్టేది ఏ రకం ఒప్పందమో చదివించుకోండి. నీళ్లు, విద్యుత్తు, ఇంటర్నెట్ అద్దెలో కలిశాయా లేదా అన్నది కాగితంమీద ఉండాలి.

తెలుగువాళ్లే నలుగురు కలిసి ఫ్లాటు తీసుకోవడం గురించి చాలామంది అడుగుతారు. అన్నం, పప్పు, చారు రోజూ ఉంటాయి, జ్వరం వస్తే చూసేవాళ్లుంటారు, ఖర్చు పంచుకోవచ్చు. ఇంగ్లిషులో చదివేవారికి ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు లేదు, వాళ్లు నిశ్చింతగా ఇదే ఎంచుకోవచ్చు. స్పానిష్ కోసం వెళ్లినవారు మాత్రం ఆ ఫ్లాటును పండగలకు వెళ్లే చోటుగా పెట్టుకుని, స్పానిష్ విద్యార్థులున్న ఇంట్లో గది వెతుక్కోవాలి. విదేశీ విద్యార్థులే నిండిన ఫ్లాట్లలోనూ అదే చిక్కు, అక్కడ నడిచేది ఇంగ్లిషే.

మరో దారి కూడా ఉంది. మాడ్రిడ్‌లో సొలిదారియోస్ అనే సంస్థ నడిపే కన్వివె కార్యక్రమంలో విద్యార్థులు ఒంటరి వృద్ధుల ఇంట్లో అద్దె లేకుండా ఉంటారు, బదులుగా వాళ్లకు తోడుగా సమయం గడుపుతారు. మాట్లాడేంత స్పానిష్ వచ్చాక, రెండో సెమిస్టర్‌కు ఆలోచించవలసిన మంచి దారి. మొదటి రోజులకు మాత్రం కాదు, ఆ వృద్ధురాలికి కావలసింది కబుర్లు చెప్పగల మనిషి.

ఊరు కూడా లెక్కలోకి వస్తుంది

బార్సిలోనా కుటుంబాలు చాలావాటిలో ఇంటిభాష కాటలాన్. మీతో స్పానిష్ మాట్లాడతారు, తమలో తాము కాటలాన్‌లోకి వెళ్లిపోతారు. వలెన్సియా, గలీసియా, బాస్క్ ప్రాంతాల్లోనూ స్థానిక భాషలున్నాయి. అది వాళ్ల హక్కు, ఆ సంస్కృతి ఇష్టపడి వెళ్లేవారికి వరం కూడా. కానీ నాలుగు వారాల్లో స్పానిష్ చెవి పెంచుకోవాలంటే సలమాంకా ఉత్తమం, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. గ్రనాదా, సెవిల్ ఉన్న దక్షిణ ప్రాంతం ఆందలూసియాలో పదాల చివరి ‘స్’ మింగేస్తారు, మొదటి వారం అంతా అయోమయంగా ఉంటుంది. అక్కడ నెగ్గితే ఇంకెక్కడైనా నెగ్గుతారు. గ్రనాదాలో చలి ఎక్కువ, పాత ఇళ్లలో గది మొత్తాన్ని వేడిచేయరు. గుండ్రని బల్లకింద హీటరు పెట్టి, మందపాటి గుడ్డ కప్పి, అందరూ మోకాళ్లు దానికింద పెట్టుకుని కూర్చుంటారు. సెవిల్ వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది, రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవారికి కొత్తేమీ కాదు గానీ గదిలో ఏసీ ఉందో లేదో అడగండి.

డబ్బు కట్టేముందు

ఆరు నెలలు దాటిన చదువు వీసాతో వెళ్లేవారు దేశంలో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. స్పెయిన్‌లో నివసించే ప్రతివారూ తాము ఉంటున్న ఊరి పురపాలక సంఘంలో చిరునామా నమోదు చేయించుకోవాలని 1985 నాటి చట్టం చెబుతోంది, దాన్నే ఎంపద్రోనామియెంతో అంటారు. ఆ నమోదు పత్రం తర్వాత చాలా పనులకు అడుగుతారు. కొందరు ఇంటివాళ్లు తమ చిరునామాలో నమోదుకు ఒప్పుకోరు. నెలరోజుల బసకు వాళ్లు వెనకాడటం అర్థం చేసుకోదగినదే. అందుకే పాఠశాలకు రాసే మొదటి ఉత్తరంలోనే ఈ ప్రశ్న ఉండాలి. వాళ్లు కాదంటే, అద్దె గది యజమానిని సంతకానికి ముందు అడగండి. నమోదుకు ససేమిరా అనేవారి గది ఎంత చవకైనా, ఏడాదిపాటు ఉండబోయేవారు వదిలేయడమే మంచిది.

అదే ఉత్తరంలో ఇంకొన్ని అడగండి. పాఠశాలకు నడిచి ఎన్ని నిమిషాలు, చదువుకునే బల్ల ఉందా, గదికి కిటికీ ఉందా, శీతాకాలంలో హీటింగ్ ఏ వేళల్లో వేస్తారు, కుక్క ఉందా, ఇంట్లో సిగరెట్ తాగుతారా. అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు నచ్చకపోతే మార్చే పద్ధతి ఏమిటి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. మొదటి మూడు రోజుల దిగులును ఇల్లు బాగాలేదని అనుకోకండి, అది ఎక్కడైనా ఉంటుంది. కానీ చెప్పిన భోజనం పెట్టకపోయినా, గదికి గడియ లేక అభద్రంగా అనిపించినా, ఎవరి ప్రవర్తన అయినా ఇబ్బంది పెట్టినా ఒక్క రోజు కూడా ఓర్చుకోవద్దు. వెంటనే పాఠశాల కార్యాలయానికి వెళ్లి వేరే ఇల్లు అడగండి. మరీ అత్యవసరమైతే 112కు ఫోను చేయండి.

బుకింగ్ నాలుగు వారాలకు చేసి, అవసరమైతే వారం వారం పొడిగించుకునే వీలుందో లేదో రాయించుకోండి. మొదటి వారం ఊరు, ఇల్లు, వేళలు అలవాటు చేసుకోవడానికే వదిలేయండి. రెండో వారం నుంచి గదులు చూడటం మొదలుపెట్టండి. చూడబోయే వీధి పేరు ఇంటావిడకు ముందే చెప్పండి, అక్కడ రాత్రిళ్లు గోల ఎక్కువనో, శీతాకాలం ఎండ పడదనో ఆమె చెప్పే మాట ఏ ప్రకటనలోనూ ఉండదు. యజమానితో మొదటిసారి ఫోనులో మాట్లాడేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. మూడో వారం ముగిసేలోపు సంతకం అయితే, నాలుగో వారం చిరునామా నమోదుకూ గుర్తింపు కార్డు అపాయింట్‌మెంట్‌కూ తీరిక దొరుకుతుంది.